మైలేజీ డబ్బా, బెంగళూరు దిగుడు

పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నప్పటి నుంచి మైలేజీ పడిపోయిందని అందరిదీ ఒకటే గోల. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి అందులో కొంత నిజముంది. ఆ గోల మీద బతికే వ్యాపారాలూ ఉన్నాయి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ను చదివేది దాని ద్వారానే) తగిలిస్తే మైలేజీ పెరుగుతుందనే డబ్బా ఒకటి మా బావ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. బెంగళూరులో తగిలించి, అనంతపురంలో మా ఇంటి ముందర కారు ఆపి, దిగకుండానే నన్ను పిలిచి మీటరు చూపించినాడు.

"చూడ్రా, లీటరుకు ఇరవై రెండు! ఎప్పుడన్నా చూసినావా?"

"నువ్వొచ్చింది దిగుడులో కద బావా," అన్నా.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతపురం 350 కూడా లేదు. దారిలో ఎన్ని మిట్టలున్నా మొత్తమ్మీద దిగడమే. టన్ను పైచిలుకు కారును అంత ఎత్తు ఎక్కించాలంటే నా లెక్కలో అర లీటరు పెట్రోలు పైనే కావాలి. దిగేటప్పుడు అందులో చాలావరకు మిగులుతుంది. దానికి తోడు ఆషాఢం. నైరుతి గాలి మన జిల్లాలో ఎట్ల కొడుతుందో చెప్పేపనే లేదు, ఇన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఉత్తరానికి వచ్చే కారును ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. ఆ రోజు సాకెట్‌లో అగ్గిపెట్టె దూర్చినా ఇరవై రెండే వచ్చేది.

తేల్చుకోవాలంటే ట్యాంకు నిండా పోయించి, పోయి వచ్చి, అదే బంకులో మళ్లీ నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. డబ్బా పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. బావకు అంత ఓపిక యాడిది! స్క్రూడ్రైవర్ తెచ్చి డబ్బానే విప్పినాం. లోపల చిన్న బోర్డు, రెండు మూడు ఎల్ఈడీ లైట్లు. కారు కంప్యూటర్‌తో మాట్లాడాల్సిన 6, 14 నంబరు పిన్నులను దేనికీ కలపనే లేదు. బ్యాటరీ కరెంటు తాగి మిణుకుమిణుకుమనడమే దాని పని. పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలదీ ఇదే కథ. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇట్లాంటి సరుకును వందకు పైగా పరీక్షించింది, పనికొచ్చినవి చాలా అరుదు.

మైలేజీ తినేవి బావ కారుకు బయటే కనపడుతున్నాయి. తిరుపతి ప్రయాణానికి బిగించి మళ్లీ తీయని క్యారియర్, కంపెనీవి పీకేసి వేయించిన వెడల్పాటి టైర్లు. క్యారియర్ ఆ సాయంత్రమే విప్పినాం. డోరు పక్క స్టిక్కర్ మీద రాసినంత గాలి పట్టించినాం. టైర్ల మాట ఎత్తితే మాత్రం, "అవి తీస్తే కారులో చూసేదానికి ఇంకేముంటాదిరా" అన్నాడు.