తల దువ్వి తీసుకెళ్ళడమే మా తప్పు

మా అబ్బాయికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, నిన్న పోస్టులో వచ్చింది, పసుపుపచ్చది. బెంగళూరులో ఇదే పని మీద తిరుగుతున్న మనవాళ్ళ కోసం, ఒళ్ళుమంట చల్లారకముందే రాస్తున్నా.

స్వావలంబన్ అనే ప్రభుత్వ పోర్టల్లో దరఖాస్తు అరగంట పని. ఆధార్, ఫోటో, సంతకం, డిశ్చార్జి సమ్మరీ చాలు. సైబర్ సెంటరువాడికి డబ్బు తగలెయ్యకండి.

తిప్పలన్నీ ఆసుపత్రిలో వైకల్యం ఎంతో లెక్కగట్టే అసెస్‌మెంట్ దగ్గరే. ఈ జబ్బుకి ఎక్స్‌రే తీసి చూసేదేం లేదు, ఐడియాస్ అనే స్కేలు పట్టుకుని అడుగుతారు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనీపాటా. ఒక్కోదానికి 0 నుంచి 4, ఇబ్బంది ఎక్కువైతే అంకె పెద్దది. జబ్బు ఎన్నేళ్ళదన్నదానికి ఇంకో 4 దాకా. మొత్తం 20లో 7 వస్తేగానీ 40 శాతం వైకల్యం గీత అందదు. అందకపోతే పసుపుపచ్చది కాదు, తెల్ల యూడీఐడీ కార్డు ఇస్తారు, దానికి ఆదాయపు పన్నులో 75,000 మినహాయింపు కూడా రాదు.

మేమేమో క్షవరం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాం. "స్నాన మాడ్తానా?" (స్నానం చేస్తాడా?) అన్నాడు డాక్టరు కన్నడంలో. "దినా మాడ్తానె సార్" (రోజూ చేస్తాడు) అన్నాను గొప్పగా. "ఊట?" (భోజనం?) దానికీ తలూపాను. తన పనులు తాను చేసుకోవడం అన్నదానికి సున్నా వేశాడు. బకెట్లో నీళ్ళు తోడిపెట్టి, నాలుగుసార్లు పిలిచి, తలుపు దగ్గర నిలబడి "సబ్బు రుద్దుకో నాన్నా" అనేది నేనేనని నోరు తెరిస్తేగా! ఒలాంజపైన్ మాత్ర మింగాడో లేదో నాలుక ఎత్తించి చూసేది వాళ్ళమ్మ. మా చాకిరీ అంతా వాడి ఆరోగ్యం కింద జమైంది. స్కోరు 5.

అంతటితో పోనిచ్చాడా? వాడి ముందే "చెన్నాగే ఇదానల్లా (బాగానే ఉన్నాడుగా), ఎందుకొచ్చారు?" అన్నాడు. బస్సులో మావాడు, "నాకేం లేదని డాక్టరే అన్నాడు, మందెందుకు?" మళ్ళీ మాత్ర నోట్లో పడటానికి 9 రోజులు పట్టింది. ఆయన నోటిదూలకి సర్టిఫికెట్ ఎవరివ్వాలో!

అప్పీలు పెట్టుకోవచ్చు, పెట్టాం. ఈసారి 15 రోజులు నోటుబుక్కు రాశాం: టైము, పని, ఎన్నిసార్లు చెప్పాం, పూర్తి చేశాడా, మధ్యలో వదిలేశాడా. "చేస్తాడు" అన్నమాట ఎక్కడా రాయలేదు, "ఐదోసారి చెబితే చేశాడు" అని రాశాం. ప్రిస్క్రిప్షన్లు తేదీల వరుసలో కుట్టాం. వాణ్ణి వాళ్ళమ్మతో బయట కూర్చోబెట్టి, ముందు నాతో విడిగా మాట్లాడమని అడిగాను. సిగ్గుపడకుండా అడగండి, బిడ్డ ముందు ఆ జవాబులు చెప్పలేం. ఇంట్లో రోజంతా ఉండేవాళ్ళే వెళ్ళాలి, ఆఫీసుకి పోయే అన్నయ్యకి ఏం తెలుస్తుంది?

టోకెను క్యూలో ఒక పెద్దమనిషి వారం మందు ఆపి తీసుకెళ్ళమని సలహా ఇచ్చాడు. చెంప పగలగొట్టాలనిపించింది. మందు ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు. అబద్ధమూ అక్కర్లేదు, ఉన్నదే చాలు.

రెండోసారి 10 వచ్చింది. కార్డు మాత్రం 5 ఏళ్ళకే ఇచ్చారు, మళ్ళీ ఇదే వరుస. నోటుబుక్కు ఫ్రిజ్ మీదే ఉంది, వాళ్ళమ్మ ఇవాళ పొద్దున కూడా రాసింది.