ప్రయాసపడినది నేను కాను

శుక్రవారం రాత్రి, తిరుపతి.

పొద్దున అత్తమ్మ రాగిజావ గిన్నెను ఎడమచేత్తో తోసేశారు. పక్షవాతం వచ్చాక ఆమెకు మాట సరిగా రాదు. కోపం చూపించడానికి మిగిలింది ఆ ఒక్క చెయ్యే. నేల తుడిచి, మళ్లీ జావ కాచి, చెంచాతో తాగించాను. ఇందులో రాసుకోవలసింది ఒక్కటే: నాకు విసుగు రాలేదు. అణచుకోవడం కాదు, అసలు రాలేదు.

ఈ ఓర్పు నా సంపాదన అని చెప్పుకోలేను. అలాగని ఊరికే కూర్చుంటే వచ్చిందనీ అనలేను. ఆమె గదిలోకి వెళ్లే ముందు ఒక కీర్తన చదువుకోవడం, మాట తూలబోతుంటే పెరట్లోకి వెళ్లి నిలబడడం, రాత్రి ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించడం, ఇవన్నీ మనసు ఒప్పుకోని రోజుల్లోనూ చేస్తూ వచ్చాను. వాటితో ఓర్పు తయారు కాలేదు. కానీ అవి లేకుండా అది వచ్చేదని కూడా నేను నమ్మను.

మధ్యాహ్నం పక్కింటి తాతగారు అత్తమ్మను చూడడానికి వచ్చారు. సంస్కృతం చెప్పి రిటైరైన శ్రీవైష్ణవులు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో నేను చేసే ఉపవాసం గురించి అడిగితే మాట దేవుడి కృప మీదికి, అందులో మనిషి వంతు ఎంత అన్నదాని మీదికి మళ్లింది. “ఈ చర్చ మాకూ ఉందమ్మా, వందల ఏళ్లుగా” అంటూ మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరచుకుని ఉంటుంది. పిల్లికూననైతే తల్లే నోట పట్టుకుని తీసుకుపోతుంది. శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలు. జీవుడి వంతు కొంత ఉండాలనే వడగలై వారిది మొదటి న్యాయం, భారమంతా భగవంతుడిదేననే తెంగలై వారిది రెండోది.

“కోతిపిల్ల చేతుల్లో ఆ పట్టు పెట్టినదెవరు తాతగారూ?” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. వడగలై వారు కూడా ఆ పట్టును వ్యాజమాత్రమనే, అంటే ఒక నెపం మాత్రమేనని అంటారని, రక్షించేది పట్టు కాదని ఎంతో ఇష్టంగా వివరించారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినందుకు ఇలాంటి మధ్యాహ్నాలు దొరుకుతాయి.

సాయంత్రం ఆరాధన తర్వాత బైబిలు పఠనంలోనూ ఇదే. మాది లూథరన్ సంఘం, కృపచేతనే రక్షణ అన్నది ఉగ్గుపాలతో తాగిన మాట. పాస్టరుగారు పూర్వకాలపు క్రైస్తవ బోధకుడు పెలేజియస్ సంగతి చెప్పారు. మనిషి తన సంకల్పబలంతోనే ఆజ్ఞలన్నీ పాటించగలడన్న ఆ బోధను బిషప్పు అగస్టీన్ ఎదిరించడం, 418లో కార్తేజిలో కూడిన సంఘ పెద్దల సభ ఖండించడం, 529లో ఆరెంజి సభ ఇంకో అడుగు వేసి విశ్వాసపు తొలి కదలిక కూడా కృపవల్లనేనని చెప్పడం. ఆ చివరిది విన్నప్పుడు నాకు పొద్దుటి జావ గిన్నె గుర్తొచ్చింది. తుడవడానికి వంగాలన్న తలంపు కూడా ఇవ్వబడినదే.

ఒక అక్క మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేయని ప్రార్థన దేవుడికి చేరదన్నారు. నాకు బాధ కలిగింది. ఇలాంటి మాటలు విని, జ్వరంలో ఉపవాసం విడిచినందుకు దేవుడు చెయ్యి వదిలేశాడని ఏడ్చిన పిల్లను నేను చూశాను. ప్రార్థన గంటలను లెక్కగట్టి దేవుడి ముందు పెట్టడం ఆయన్ను మనకు బాకీపడ్డవాడిగా చూడడమే. పౌలు కంటే ఎక్కువ శ్రమపడ్డవారెవరు? అదే పౌలు కొరింథీయులకు రాశాడు: “వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని. ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే.” రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో అన్నాడు. అందులో సగం తన వంతు, సగం దేవుడి వంతు అని పంచలేదు.

ఇంటరు చదివే అబ్బాయి ఒకడు వెంటనే అడిగాడు: “మరి నేను బైబిలు తెరవని రోజున కృప నాలో పనిచేయలేదనుకోవాలా?”

మంచి ప్రశ్న. కృపను సాకుగా వాడుకునేవారికి పౌలే జవాబు చెప్పాడు. పొందిన కృపను వ్యర్థం చేసుకోవద్దని వేడుకున్నాడు, రెండవ కొరింథీ ఆరో అధ్యాయం మొదటి వచనంలో. ఇచ్చినది వ్యర్థం కావచ్చు కనుకనే వేడుకోలు. అది చదివి వినిపించాను. అబ్బాయి తల ఊపాడు గానీ పూర్తిగా ఒప్పుకోలేదు. మీ రక్షణను కొనసాగించుకోండి అనే ఫిలిప్పీ రెండో అధ్యాయం 12వ వచనాన్ని, మీలో పనిచేసేది దేవుడే అనే 13వ వచనాన్ని విడదీయకుండా కలిపి చదివి రమ్మన్నాను. ఆదివారం ఇంకో ప్రశ్నతో వస్తాడు, రావాలి కూడా.