పాలమూరు మేస్త్రీల మీద పీహెచ్‌డీ: ఎథిక్స్ కమిటీ దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

మనుషుల్ని అడిగి చేసే పరిశోధనలో వాళ్లకు హాని లేకుండా చూసేది ఎథిక్స్ కమిటీ. నిన్ననే ఆ కమిటీ అనుమతి లెటర్ చేతికొచ్చింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

పాలమూరు వలస కూలీలకు పని ఎవరి ద్వారా దొరుకుతోంది, వాట్సాప్ గ్రూపులొచ్చాక గుంపు మేస్త్రీ (అడ్వాన్సిచ్చి కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే మనిషి) పట్టు సడలిందా లేదా అన్నది నా టాపిక్. కోస్గి, మక్తల్ వైపు ఊళ్లలో ఒక్కొక్కరినీ అడగాలి: పని కావాలంటే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు, అడ్వాన్సు ఎవరిస్తారు, కూలి ఎగ్గొడితే ఎవరితో చెప్పుకుంటావు? వచ్చిన పేర్లను గీతలతో కలిపితే ఊరంతా ఎవరి చుట్టూ తిరుగుతోందో తేలిపోతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త గ్రానొవెటర్ 1973లో అచ్చేసిన వ్యాసంలో బోస్టన్ పక్కన న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్ల లెక్క చెప్పాడు. తెలిసినవాళ్ల ద్వారా పని దొరికినవాళ్లలో, తరచూ కలిసే మనిషి వల్ల దొరికింది ఆరో వంతు మందికే. మిగతావన్నీ ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల చలవ. అవి ఆఫీసు ఉద్యోగాలు, అక్కడ అడ్వాన్సు బాకీ లేదు. మన దగ్గర ఆ లెక్క నిలుస్తుందా అని నా అనుమానం.

రిజిస్ట్రేషన్, ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు, సినాప్సిస్ (పరిశోధన ఎలా చేస్తానో రాసిచ్చే కాగితం) అన్నీ సాఫీగా అయిపోయాయి.

ఇక కమిటీ. ప్రతి కూలీ దగ్గరా మూడు పేజీల సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తేవాలన్నారు. ఊళ్లో ఆ ఫారం చూపించినప్పుడు ఒక పెద్దమ్మ “ముద్ర ఏస్తే మల్ల ఎవరి బాకి నా మీద పడ్తది బిడ్డా?” అని చెయ్యి కొంగులో దాచుకుంది. అదే కమిటీకి చెప్పాను. ఒక పెద్ద సారు చాయ్ కప్పు నా సినాప్సిస్ మీదే పెట్టి, “చదువురానోళ్లకు నచ్చజెప్పడం కూడా రాకపోతే నీకు రీసెర్చ్ ఎందుకమ్మా?” అన్నాడు. అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని నిలబడ్డ అటెండర్ కూడా నవ్వాడు. కాగితం వెనక్కి తీసుకుంటే అట్ట మీద గుండ్రటి మరక. ఆ సారు ఒక్కసారైనా పొద్దున్నే లేబర్ అడ్డాలో నిలబడి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

పనికొచ్చే ప్రశ్న వేసింది మూలన కూర్చున్న మేడం ఒక్కరే. “నీకు జవాబు చెప్పినామె ఒప్పుకుంది. ఆమె ఎవరి పేరు చెప్పిందో ఆ మేస్త్రీ ఒప్పుకున్నాడా? పేరు తీసేసి నంబర్ పెట్టినా, బాణాలన్నీ ఒకే చుక్క మీదికి పోతుంటే ఆ చుక్క ఎవరో ఊరికి తెలియదా?” నిజమే. మేస్త్రీకి తెలిస్తే వచ్చే సీజన్‌లో ఆమెకు పని ఉండదు. అందుకే ఊరివారీగా బొమ్మ అచ్చు వేయకుండా, కొన్ని ఊళ్లు కలిపి లెక్కలు మాత్రమే ఇస్తానని రాసిచ్చాను. పేర్ల జాబితా విడిగా తాళంలో ఉంటుంది.

సంతకం గొడవ మాత్రం తెగలేదు. “వచ్చే వారం సిట్టింగ్” అని సెక్షన్‌లో చెప్పే మాట నమ్మకండి, కోరం (సిట్టింగ్‌కి కావాల్సినంత మంది సభ్యులు) ఉండదు. ఈలోపు పీర్ల పండుగ రానే వచ్చింది, పోయింది. బొంబాయి, పుణె పోయినోళ్లంతా ఊరికొచ్చేది అప్పుడే. నా సర్వేకి అదే అదను.

చివరికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ప్రింట్ తీసి, పసుపు గీత గీసి ముందు పెట్టాను. సంతకం, వేలిముద్ర వద్దన్నవాళ్ల దగ్గర, కమిటీ ఒప్పుకుంటే, సంబంధం లేని సాక్షి ఎదుట నోటిమాటగా సమ్మతి తీసుకోవచ్చని అందులోనే ఉంది. సారు రెండుసార్లు చదివి “ముందే చెప్పాలి కదమ్మా” అన్నాడు! కమిటీలో కూర్చున్నవాళ్లకు రూలు చదివి వినిపించింది నేనే అని గర్వంగానే చెప్పుకుంటా.

మీరెవరైనా ఈ దారిలో ఉంటే ఫైలు పండుగకి చాలా ముందే పెట్టండి, రూలు ప్రింట్ సంచిలోనే ఉంచుకోండి, మీ కాగితాలకు ప్లాస్టిక్ కవర్ వేయండి.

ఇప్పుడు ఊళ్లలో ముసలోళ్లు, పిల్లలే ఉన్నారు. బొంబాయి బస్సెక్కి కూలీల దగ్గరికే పోదామంటే, ఫీల్డ్ ఏరియా మార్పుకి మళ్లీ అనుమతి కావాలట. ఇచ్చేది అదే కమిటీ.