సీడీ డ్రైవ్ అనిపించుకున్న డాంగిల్

తిరుపతిలో కొర్లగుంట నుంచి మంగళం వైపు ఇల్లు మారాం. ఫైబర్ లైను రావడానికి పది రోజులు పడుతుందన్నారు. నా పదో తరగతి పిల్లలకు సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో లెక్కల పాఠం ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను, అది అమ్మ దగ్గర ఉండాలి. అందుకని సిమ్‌తో నెట్ ఇచ్చే పాత 4జీ డాంగిల్ తీసి, కొత్త సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కి పెట్టాను.

ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు డెబియన్ 12 అనే లినక్సు ఉంది. పాత మెషిన్ కాబట్టి కావలసిన ప్యాకేజీలు తప్ప ఇంకేమీ వేసుకోలేదు. డాంగిల్ లైటు వెలుగుతోంది కానీ నెట్‌వర్క్ మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటే లేదు. డెస్క్‌టాప్ మీద మాత్రం ఒక సీడీ బొమ్మ వచ్చింది. టెర్మినల్‌లో మోడెమ్‌లను చూపించే ఎంఎంసీఎల్ఐ ఆదేశంతో అడిగితే మోడెమ్‌లు ఏవీ దొరకలేదంది. సిమ్ తీసి తుడిచి మళ్లీ పెట్టాను, పోర్టు మార్చాను. గంట పోయింది.

ఇంటి ఓనరు గారబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. మిద్దె మీద బట్టలు తీయడానికి వచ్చి, చూసి, "అక్కా, అది నీ డాంగిల్‌ని సీడీ డ్రైవ్ అనుకుంటా ఉండాది" అన్నాడు. యుఎస్‌బికి పెట్టిన పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యుఎస్‌బి ఆదేశం కొట్టించాడు. డాంగిల్ గుర్తింపు నంబరు 12డి1:1ఎఫ్01 అని వచ్చింది. విండోస్‌లో డ్రైవర్ వేసుకోవడానికి వీలుగా ఈ డాంగిళ్లు పెట్టగానే సీడీలాగా కనిపిస్తాయట. ఆ తర్వాత వాటికి ఒక ప్రత్యేకమైన ఆదేశం వెళితేనే అసలు రూపానికి మారతాయి. లినక్సులో ఆ పని యుఎస్‌బి మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ చేస్తుంది. నా దగ్గర లేనిది సరిగ్గా అదే.

దాన్ని వేసుకోవాలంటే నెట్ కావాలి. అమ్మ ఫోను పది నిమిషాలు అడిగి, కేబుల్‌తో కలిపి, ఫోను నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యుఎస్‌బి టెథరింగ్ ఆన్ చేశాను. ఏ డ్రైవరూ అడగకుండా వెంటనే పట్టుకుంది. ఏపీటీ ఆదేశంతో ఆ ప్యాకేజీ వేసి డాంగిల్ తీసి పెట్టాను. ఈసారి 12డి1:14డిసి. నంబరు మారిందంటే రూపం మారినట్టే!

అయినా మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ రాలేదు. ఎంఎంసీఎల్ఐ మళ్లీ లేదనే అంటోంది. ఇక్కడే నేను చాలాసేపు తప్పుదారిలో వెతికాను. ఈ రకం డాంగిల్ కంప్యూటర్‌కి మోడెమ్‌లా కనిపించదు. తనే ఒక చిన్న రౌటర్‌లా పనిచేస్తూ వైర్డ్ కనెక్షన్‌గా వస్తుంది. మెనూలో చూస్తే వైర్డ్ కింద అప్పటికే కలిసి ఉంది, 192.168.8.100 అన్న అడ్రస్ కూడా వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో 192.168.8.1 అన్న డాంగిల్ సెట్టింగుల పేజీ తెరిచాను. ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే పేరు) దగ్గర పాత సిమ్ కంపెనీ పేరే ఉంది. కొత్త సిమ్‌ది రాసి సేవ్ చేయగానే పేజీలు తెరుచుకున్నాయి.

కానీ వీడియో పెడితే ఆగి ఆగి వస్తోంది. అదే సెట్టింగుల పేజీలో సిగ్నల్ మైనస్ 112 డీబీఎం చూపిస్తోంది; ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. నేను కూర్చునే గది ఉత్తరం వైపు, కిటికీ తెరిస్తే శేషాచలం కొండలే. ఊరంతా దక్షిణాన ఉంది, టవర్లూ అటే. మరుసటి రోజు గాంధీ రోడ్డులో మూడు మీటర్ల యుఎస్‌బి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొన్నాను. యుఎస్‌బి 2.0కి అయిదు మీటర్లే హద్దు, అంతకంటే పొడుగు తీసుకోవద్దని అబ్బాయి ముందే చెప్పాడు. డాంగిల్‌ని వంటింటి దక్షిణం కిటికీ ఊచకి దారంతో కట్టి చూస్తే మైనస్ 94. ఒక్క కిటికీ మారితే ఇంత తేడా ఉంటుందని నేననుకోలేదు.

ఆ సాయంత్రం పాఠం గంటన్నర సాగింది. నా గొంతు ఎక్కడా తెగలేదన్నారు పిల్లలు. అమ్మ మాత్రం తాలింపు వేసేటప్పుడు కేబుల్ మీద నూనె చిట్లకుండా ఓ పాత గుడ్డ కప్పుతోంది.