మా టాహోకి చలికాలం టైర్లు

అమెరికాలోని మిన్నెసోటాలో ఇది మాకు మూడో చలికాలం. పోయిన జనవరిలో స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ నొక్కితే మా టాహో (షెవ్రోలే వాళ్ల పెద్ద ఎస్‌యూవీ) ఆగకుండా మెల్లగా జారుతూనే పోయింది, వెనక సీట్లో పిల్లలు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందడం) ఉందిగా అనుకునేదాన్ని. అది బండి కదలడానికి సాయం చేస్తుంది కానీ ఆపాల్సింది టైరే. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది, చలికాలం టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి.

మాది పాత మోడల్ టాహో, 275/55ఆర్20 టైర్లు, అంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 55 శాతం, చక్రం 20 అంగుళాలు. చలికాలానికి వేరే 18 అంగుళాల చక్రాలు తీసుకుని 265/65ఆర్18 వేయించాం. మొత్తం ఎత్తు దాదాపు అంతే కాబట్టి స్పీడోమీటర్ పెద్దగా తేడా చూపించదు, టైరు గోడ ఎత్తుగా ఉండడం వల్ల గుంటల్లో పడినా రిమ్ వంగే భయం తక్కువ. చిన్న చక్రం బ్రేక్ కాలిపర్‌కి (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) తగలకూడదు, అది ముందే కనుక్కోండి. ఇంత బరువైన బండికి లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) బండితో వచ్చిన టైర్లకి ఉన్నదానికంటే తగ్గకూడదు. డబ్బు మిగులుతుందని రెండే మార్చకండి, ముందు రెండిటికే వేస్తే మలుపులో వెనక భాగం జారిపోతుంది.

బిగించాక 50 మైళ్లు తిరిగి చక్రాల నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో (టార్క్) మళ్లీ చూపించుకున్నాం.