గుర్రం మేసే చోట గన్నేరు తీసేశాం, ఇక సుబాబుల్ వంతు

గన్నేరు పని అయిపోయింది. మా గుర్రాన్ని వదిలే ముక్క కొబ్బరితోట పక్కనే, పంటకాలవ గట్టుకి ఆనుకుని ఉంటుంది, ఆ గట్టు పొడవునా ఎర్రగన్నేరు, మధ్యమధ్యలో పచ్చగన్నేరు. రెండిట్లోనూ ఉండేది గుండెను ఆపేసే విషమే. పెద్ద గుర్రానికైనా గుప్పెడు ఆకులు చాలు, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు.

పచ్చి ఆకు చేదు కాబట్టి మామూలుగా ముట్టదు. అసలు టెన్షన్ కొమ్మలు కొట్టాకే. వాడిన ఆకులో చేదు తగ్గుతుంది, విషం మాత్రం పోదు, ఎండి గడ్డిలో కలిసిందంటే ఏరడం మన వల్ల కాదు. అందుకే ముందు గుర్రాన్ని అవతలి తోటలో కట్టేసి, నీళ్లతొట్టి బోర్లించి, కింద టార్పాలిన్ పరిచి, కోసిన ప్రతి కొమ్మా దాని మీదే పడేలా చూసుకుంటూ నెమ్మదిగా దించాం. చేతులకి గ్లౌజులు తప్పనిసరి.

మొదలు వదిలేస్తే మళ్లీ చిగురేస్తుంది. ఎండాకాలంలో మా నల్లమట్టి గునపానికి లొంగదు, తొలకరి పడ్డాక తవ్విస్తే వేళ్లతో సహా వచ్చేశాయి. కాల్చకండి, ఆ పొగా విషమే. నీళ్లు ఊరని మెరక చూసి, కంచె బయట లోతుగా గొయ్యి తీసి పూడ్చాం.

"పూజకి పూలెక్కడివిరా ఇక?" అంది పక్కింటి పిన్ని. "మందారం వేస్తాను పిన్నీ, రోజూ నువ్వే కోసుకో" అన్నాను. నందివర్ధనం వెయ్యమంది గానీ అదీ గన్నేరు కుటుంబమే, నేను ఒప్పుకోలేదు.

సుబాబుల్ సంగతి వేరు. అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. పశువుల పొట్టలో దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండొచ్చు గానీ గుర్రం జీర్ణవ్యవస్థే వేరు, మేకలు తింటున్నాయి కదా అని వదలకూడదు. పచ్చిరొట్ట కోసం గట్ల మీద పెంచే గ్లిరిసిడియా చెట్టు కూడా గుర్రానికి విషమే. కొట్టిన రొట్ట మేకలవాళ్లకి ఇచ్చేస్తున్నాం. సుబాబుల్‌ని కాయ ముదరకముందే కొట్టాలి, లేకపోతే గింజ రాలి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఆముదం మొక్కల్ని మాత్రం కనపడగానే పీకేస్తున్నా, దాని గింజలు గుర్రానికి మరీ ప్రమాదం.

ఈలోపు ఆ గట్టు వైపు కంచెని మెడ చాచినా అందనంత లోపలికి జరిపాను. గడ్డి పలచబడ్డ రోజుల్లో ఆకలేసి ఏదైనా కొరుకుతుంది కాబట్టి, పొద్దున్నే నేపియర్ గడ్డి కోసి కడుపునిండా పెట్టాకే వదులుతున్నాం.