ఏ బడి అని అడిగే ముందు నోటుబుక్కు తెరవండి

మేధో వైకల్యం ఉన్న పిల్లాడు మామూలు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడంటే ముందు వాడి నోటుబుక్కు చూడాలి. చాలాసార్లు అది ముచ్చటగా ఉంటుంది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేతల్లేవు, పేజీ పేజీకీ టీచరు పెట్టిన టిక్కు. అమ్మానాన్నా మురిసిపోతారు. అందులోంచి 'చెట్టు' అన్న ఒక్క మాట తీసి పలక మీద విడిగా రాసి చదవమంటే మాత్రం పిల్లాడు మన ముఖంలోకి చూస్తాడు. ఇన్నాళ్లూ వాడు బోర్డు మీది గీతల్ని బొమ్మలా దింపుకున్నాడు, అంతే. అల్లరి చేయడు, పుస్తకం నిండుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇలా మూడు నాలుగేళ్లు పోతాయి. ఆ వయసులో పోయిన నాలుగేళ్లు మళ్లీ రావు.

అందుకే మామూలు బడా, ప్రత్యేక బడా అన్న వాదన నాకు సగంలోంచి మొదలైనట్టు అనిపిస్తుంది. ఆ ఆరేడు గంటల్లో పిల్లలు ఏం చేస్తున్నారో తెలిస్తే బడి సంగతి దానంతటదే తేలుతుంది.

ఎంపిక ఎవరిదన్న విషయంలో మాత్రం తకరారు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. తీవ్రమైన, లేదా ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే వీలును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. 'మీ వాణ్ణి స్పెషల్ స్కూల్లో వేసుకోండమ్మా' అని ఎవరైనా అంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వడానికి వెనకాడితే మీరే దరఖాస్తు రాసి, ఒక నకలు మీద బడి ముద్ర వేయించుకుని, మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి.

చేర్చుకోవడంతో పని అయిపోదు. వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు ప్రాథమిక స్థాయిలో అలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని, 2021 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2022లో కేంద్రం చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మండలానికో భవిత కేంద్రం, అక్కడ పనిచేసే ఐఈఆర్పీలనే ప్రత్యేక బోధకులే చాలా పల్లెలకు దిక్కు. వాళ్లు మండలంలోని బడులన్నీ తిరగాలి. అంటే మిగతా రోజులన్నీ పిల్లాడు క్లాసు టీచరు చేతిలోనే ఉంటాడు. ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక క్లాసు టీచరు చదివి అర్థం చేసుకునేలా లేకపోతే అది బీరువాలో కాగితమే.

'కూడికలు నేర్పాలి' అని రాసిన ఐఈపీతో ఏ టీచరూ ఏమీ చేయలేరు. ఇలా రాయాలి: 'రెండు పది రూపాయల నోట్లు, ఒక అయిదు రూపాయల నాణెం, నాలుగు రూపాయి నాణేలు ఎదురుగా పెట్టి 12 రూపాయలు ఇవ్వమంటే, అయిదుసార్లలో నాలుగుసార్లు ఎవరి సాయమూ లేకుండా ఇవ్వాలి. గడువు మూడు నెలలు.' ఇప్పుడు క్లాసంతా 348కి 276 కలుపుతుంటే వీడు అదే పీరియడులో, అదే బెంచీ మీద నోట్లూ నాణేలతో కూడికే చేస్తుంటాడు. పాఠం ఒకటే, లోతు వేరు. సైన్సులో మొక్క భాగాలొస్తే మిగతావాళ్లు పేర్లు రాస్తారు, వీడు బడి ఆవరణలో పీకిన గడ్డిమొక్క వేరునీ కాండాన్నీ ఆకునీ విడదీసి అట్టమీద సరైన పేరు దగ్గర అతికిస్తాడు. దీనికి టీచరుకు ముందురోజు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు దొరకని బడిలో చూసిరాతే మిగులుతుంది.

ప్రైవేటు బడులు షాడో టీచరును, అంటే క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషిని, పెట్టుకోమంటాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: పిల్లాడు క్లాసు టీచరు వైపు చూడటం మానేసి, పక్కనున్న మనిషి చేతికోసం ఎదురుచూస్తాడు. 'పుస్తకం తీయండి' అని టీచరు అన్నాక షాడో టీచరు మనసులో అయిదు లెక్కపెట్టాలి. అప్పటికీ తీయకపోతే సంచీ వైపు వేలు చూపాలి. అప్పటికీ కాకపోతేనే మాట, ఆఖరున చేయి పట్టడం. కుర్చీ కూడా కదలాలి. మొదట పిల్లాడి పక్కన, తర్వాత వెనక బెంచీలో, తర్వాత గుమ్మం దగ్గర. ఏడాది గడిచినా కుర్చీ మొదటి చోటే ఉందంటే సాయం పిల్లాడికి సంకెల అయిందనే అర్థం.

ఇంతకీ నా మొగ్గు మామూలు బడి వైపే. పక్కింటి పిల్లలతో కలిసి నడిచి వెళ్లడం, లైనులో పళ్లెం పట్టుకుని నిలబడటం, ఆటలో ఓడిపోవడం, ఇవి ఏ ప్రత్యేక గదిలోనూ నేర్పలేం. కానీ రెండు సందర్భాల్లో తొలి ఏళ్లు ప్రత్యేక పాఠశాలే మేలంటాను. ఒకటి, చూపు లేని పిల్లలు బ్రెయిలీ, లెక్కలకు టేలర్ ఫ్రేము, కర్ర పట్టుకుని నడవడం చేతికి వచ్చేదాకా. రెండోది, ఇంకా ఏ భాషా రాని వినికిడి లోపం పిల్లలు. నలభైమంది మధ్య, ఫ్యాను చప్పుడులో, బోర్డు వైపు తిరిగి మాట్లాడే టీచరు నుంచి ఆ పాపకు భాష అందదు. భాష లేకుండా గడిచిన ఏడాది ఆలోచన మీద కూడా దెబ్బ కొడుతుంది. సైగల భాష తెలిసిన తోటిపిల్లలు, టీచర్లు ఉన్నచోటే ఆ పాప మాటలపుట్ట అవుతుంది.

వినికిడి యంత్రంతో మామూలు బడికి వెళ్లే పాప అయితే రోజూ పొద్దున్నే రెండు నిమిషాల పరీక్ష తప్పనిసరి. పాప వెనక ఒక మీటరు దూరంలో నిలబడి ఆ, ఈ, ఊ, ష్, స్, మ్ అనే ఆరు ధ్వనులు వరస మార్చి, మధ్యలో ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఇస్తూ మామూలు గొంతుతో పలకాలి. వినపడినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేయమనాలి. ఎడం మార్చకపోతే పాప లయను పట్టుకుని వినకుండానే గింజ వేస్తుంది. నిన్న విన్న 'స్' ఇవాళ వినలేదంటే మొదట బ్యాటరీ, తర్వాత చెవిలో పెట్టే అచ్చు గుబిలితో మూసుకుందా, ఆపైన దాని గొట్టంలో చెమ్మ ఉందా చూడాలి. పిల్లలు ఎదిగేకొద్దీ చెవి అచ్చు వదులై కీచుమంటుంది, కొత్తది చేయించాలి. కీచుమంటోందని బడిలో యంత్రం ఆపేసి సంచీలో వేసే టీచర్లున్నారు, ముందే చెప్పి పెట్టండి.

ప్రత్యేక పాఠశాలలన్నీ బాగుంటాయని కాదు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఏ పనులు వచ్చో, ఇంకేం నేర్పాలో తేల్చే ఎఫ్ఏసీపీ అనే మదింపు పట్టిక సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైందే, మన పక్కనే. అయినా పదిహేనేళ్ల పిల్లల చేత ఇంకా పూసలు గుచ్చిస్తూ, రంగులు వేయిస్తూ కూర్చోబెట్టే చోట్లున్నాయి. ఏ స్కూలుకు వెళ్లినా మూడు అడగండి: పోయిన ఏడాది ఐఈపీ, అందులో ఎన్ని లక్ష్యాలు పూర్తయ్యాయి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా. చూడటానికి మాత్రం మధ్యాహ్న భోజనం వేళ వెళ్లండి. పిల్లలు అన్నం వాళ్లంతట వాళ్లే కలుపుకుంటున్నారా, ఆయాలు పెడుతున్నారా, బాత్రూముకు ఎలా అడుగుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఎనిమిదో తరగతి దగ్గర ఇంకో మలుపు ఉంది. పదోతరగతి ఫలితాల శాతం పడిపోతుందని అప్పటిదాకా చేరదీసిన బడే 'ఇక కష్టమండీ' అంటుంది. ఆ మాట వచ్చేదాకా ఆగకుండా ఏడులోనే తేల్చుకోండి: పరీక్షకు రాసిపెట్టేవారు, అదనపు సమయం ఉంటే సరిపోతుందా, లేక ఓపెన్ స్కూల్లో కొద్దికొద్దిగా సబ్జెక్టులు రాయడం మేలా, లేదా పరీక్ష పక్కనపెట్టి పని నేర్పించడమా. మినహాయింపులకు వైకల్య సర్టిఫికెట్ కావాలి కాబట్టి, అది ఇచ్చే సదరం శిబిరం పని పదో తరగతిలో మొదలుపెడితే ఆలస్యమే.

ప్రత్యేక పాఠశాల నుంచి మామూలు బడికి మార్చేటప్పుడు ఒకేసారి దింపేయకండి. మొదటి వారం ప్రార్థన నుంచి ఇంటర్వెల్ దాకా, రెండో వారం భోజనం దాకా, మూడో వారం నుంచి పూర్తిగా. క్లాసు టీచరుకు ఒకే ఒక పేజీ ఇవ్వండి. బాత్రూముకు ఏ మాటతో, ఏ సైగతో అడుగుతాడు, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, బెదిరినప్పుడు ఎక్కడ కూర్చోబెడితే కుదుటపడతాడు, ఏ మందు ఏ వేళకు, ఇప్పటికి తనంతట తాను ఏమేం చేయగలడు. ఆఖరిది పైన, పెద్ద అక్షరాల్లో రాయండి. టీచరు కన్ను ముందు పడాల్సింది దానిమీదే.